దారి వైపు నుంచి మూడో వరస

సమాధుల పండగ నాడు నేను తీసుకువెళ్లే సామాను ఏ ఏడూ మారలేదు. ముందురోజు నానబెట్టిన సున్నం ఒక డబ్బా, కొబ్బరి పీచు కుంచె, చిన్న బకెట్టు, బంతిపూలు, కొవ్వొత్తులు. నవంబరు రెండున ఏలూరులో మొదటి బస్సెక్కి, ఉంగుటూరు దాటాక కాలువ గట్టు మీద దిగి, మిగతా దూరం నడిచేదాన్ని. ఆ ఊరు మా అమ్మానాన్నలది. అక్కడ మాకు ఇల్లు లేదు, చుట్టాలు మిగల్లేదు. ఉన్నదల్లా అమ్మ సమాధి.

అమ్మ 1948లో పోయింది. నాకు పన్నెండేళ్లు, ఏలూరు హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. కబురు అంది నేను వెళ్లేసరికి పూడ్చిపెట్టడం అయిపోయింది. మర్నాడు నాన్న నన్ను తీసుకువెళ్లి పచ్చిమట్టి చూపించాడు. రాయి పెట్టించే స్తోమత లేదు. "దారి వైపు నుంచి మూడో వరస, ఎడం చేతి నుంచి ఐదోది. గుర్తు పెట్టుకో" అన్నాడు. గుర్తు పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆయన తాడేపల్లిగూడెంలో రైసుమిల్లులో పనికి కుదిరి, అక్కడే పోయి, అక్కడే సమాధి అయ్యాడు. నేను టీచరునై మెట్ట ప్రాంతం బడుల్లో పనిచేసి, 1974లో బదిలీ మీద ఏలూరు వచ్చాను. ఆ ఏడాది చేసిన మొదటి పని అమ్మకి సిమెంటు సిలువ చేయించడం. పేరు, పుట్టిన ఏడు, పోయిన తారీఖు చెక్కించాను. అప్పటికి సమాధుల తోట చుట్టూ ప్రహరీ వచ్చింది, రోడ్డు మీదకి ఇనుప గేటు వచ్చింది. గేటులోంచి వెళ్లి వరసలు లెక్కపెట్టాను. ఆ చోట ఒక మట్టిదిబ్బ ఉంది. సిలువ నాటించాను. ఎవరినీ ఏమీ అడగలేదు. లెక్క నా దగ్గర ఉంది కదా, అడగడం దేనికి?

సున్నంలోకి నీళ్లు కాలువ నుంచే తేవాలి. తోట వెనక ప్రహరీకి ఒక సందు ఉంది, అక్కడ ఎప్పుడూ బురదే. బురద మొదలయ్యే చోట గడ్డి పట్టిన దిబ్బ ఒకటుంటే, దాని మీద చెప్పులు విడిచి కాలువలోకి దిగేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు బకెట్టు దాని మీదే దింపి చెయ్యి మార్చుకునేదాన్ని.

2007 ఆగస్టులో ఆ ఊరి చర్చి సంఘ పెద్ద నాకు ఫోన్ చేశారు. ఆయన ఆ ఊరికి ఇల్లరికం వచ్చి స్థిరపడినవారు, అమ్మని ఎరగరు.

"టీచరమ్మ గారూ, రోడ్డు వెడల్పు చేస్తున్నారండి. మన తోటలో రోడ్డు వైపు నాలుగు వరసలు పోతాయంట. ఎవరిది ఏదో పంచాయతీ రికార్డులో చూపించుకుంటే ఎముకలు తీసి వెనక వైపు పెట్టిస్తారంట. చూపించుకోలేనివి చదును చేసేస్తారంటండి."

"మా అమ్మది మూడో వరస. సిలువ మీద పేరుంది కదండీ."

"పేరు మనం రాసుకున్నదే కదమ్మా. క్రిస్మస్ వెళ్లాక పని మొదలంట. ఈలోపు కాయితం కావాలంట."

ప్రహరీ కట్టినప్పుడు పంచాయతీ వాళ్లు తోటకి పటం గీయించి, ఎవరి సమాధి ఎక్కడుందో పెద్దవాళ్లని అడిగి రాయించారని కూడా ఆయనే చెప్పారు. ఆ పటం నకలు వస్తే అమ్మ దక్కుతుంది, రాకపోతే రోడ్డు కింద పడుతుంది. నాకు అర్థమైనది ఇంతే.

పంచాయతీ కార్యదర్శి ముప్పై దాటిన మనిషి, మాట మెత్తన. మొదటిసారి వెళ్తే కుర్చీ వేసి, టీ తెప్పిస్తానన్నాడు. పాత కట్టల్లో ఎక్కడో ఉండి ఉంటుంది, వెతికి చెప్తానన్నాడు. రెండోసారీ అదే మాట. మూడోసారి నేను సమాచార హక్కు చట్టం కింద అర్జీ రాసి పట్టుకెళ్లాను. అంశాలు ఒకటి, రెండు అని అంకెలు వేసి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాను.

"గ్రామ పంచాయతీకి రుసుం లేదండి టీచరు గారూ. స్టాంపు అనవసరంగా పాడయింది" అన్నాడు.

"పాడైతే అయింది. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. తెలుసు కదా?"

"తెలుసండి. మీరు అడిగితే వెతకనా అండి? చట్టం దాకా దేనికి?"

"అడిగాను. రెండుసార్లు అడిగాను. ఏ తారీఖున అడిగానో అర్జీలో ఉంది, చూసుకోండి."

"ఆయ్, చూశానండి" అని రసీదు రాసిచ్చాడు. "టీ తాగుతారాండి?"

"పని అయ్యాక" అన్నాను. హక్కుగా అడిగిన చోట మొహమాటానికి తావు ఉండకూడదని నా ఉద్దేశం. బస్సులో ఇంటికి వస్తూ, ఆ మాట అన్నందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

గడువు ఇంకా ఉండగానే, అక్టోబరులో ఒక ఆదివారం నేను గుడి నుంచి వచ్చేసరికి ఆయన మా వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కవరు.

"పోస్టులో వేస్తే సరిపోయేది కదా" అన్నాను.

"ఏలూరులో పనుందండి. పనిలో పని అని తెచ్చాను."

ఆదివారం నాడు ఏలూరులో ఆయనకి ఏ పనీ లేదని నాకు చాలా తర్వాత తెలిసింది. కవరు విప్పితే పటం నకలు. గడులు గడులుగా గీసి ఉంది. ఒక్క గడిలో మాత్రం అమ్మ పేరు కనపడుతోంది, మిగతా గడుల మీద తెల్లకాగితం ముక్కలు అడ్డంపెట్టి నకలు తీశారు.

"మిగతా పేర్లేవి?"

"అవి వేరేవాళ్ల వివరాలండి. మీరు అడిగింది మీ అమ్మగారిది కదండి. ఒక మంచి మాట చెప్దామని వచ్చానండి. మీ అమ్మగారి సమాధి రోడ్డులో పోదు. అది కాలువ వైపు ఉందండి. మీరేం కంగారు పడక్కర్లేదు."

నేను పటం అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. మూడో వరసే. ఐదోదే. కానీ గడులకి పక్కనే 'కాలువ' అని రాసి ఉంది.

"పటం తలకిందులుగా పెట్టి చూశారు మీరు" అన్నాను.

"అయ్యుండొచ్చండి." ఆయన వాదించలేదు. "ఒకసారి మనిద్దరం వెళ్లి చూసుకుందామాండి? పనిరోజు పొద్దున్నే వస్తే అక్కడ ఎవరూ ఉండరు" అన్నాడు.

"ఎవరూ లేనప్పుడు దేనికి? నవంబరు రెండున రండి. అన్ని కుటుంబాల వాళ్లూ ఉంటారు. టేపు తెచ్చి అందరి ముందూ కొలవండి."

"అందరి ముందూ అంటే... సరేనండి. మీ ఇష్టమండి."

ఆయన వెళ్లాక కూడా నేను ఊరుకోలేదు. ఫలానా రోజు, ఫలానా వేళకి, సంఘ పెద్దల సమక్షంలో కొలతలు వేయాలని ఉత్తరం రాసి, నకళ్లు నలుగురికి పంపాను.

ఆ రోజు తోట నిండా జనం. పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని తిరుగుతున్నారు. ఎక్కడ చూసినా తడిసున్నం వాసన, బంతిపూలు. నేను అమ్మ సిలువ పక్కన నిలబడి ఉన్నాను, పొద్దున్నే వేసిన సున్నం ఇంకా ఆరలేదు. కార్యదర్శి అసలు పటం తెచ్చాడు, దాన్ని ఎవరికీ కనపడకుండా గుండెకి ఆనించి పట్టుకున్నాడు. సంఘ పెద్ద వచ్చారు. నా ఉత్తరం అందిన మిగతావాళ్లూ వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"ఎక్కడి నుంచి కొలవమంటారండి?" కార్యదర్శి అడిగాడు.

"దారి నుంచి. మా నాన్న చెప్పింది దారి వైపు నుంచి మూడో వరస" అన్నాను, అందరికీ వినపడేలా.

సంఘ పెద్ద నా వైపు ఒకలా చూశారు. "మీ నాన్నగారు ఎప్పుడు చెప్పారమ్మా ఆ మాట?"

"నలభై ఎనిమిదిలో."

"అప్పుడు గేటు ఇటు లేదు కదమ్మా. ఇటంతా వరిచేలు. శవాన్ని కాలువ గట్టు మీద నుంచే తెచ్చేవాళ్లు. నేను వచ్చిన కొత్తలో కూడా అంతే. ప్రహరీ కట్టించినప్పుడే కదా గేటు రోడ్డు మీదకి పెట్టించాం? ఆ వెనక సందు చూశారూ, పాత దారి అదేనండి."

కార్యదర్శి టేపు విప్పలేదు. విప్పాల్సిన పని లేకుండా పోయింది. నేనే నడిచాను, నా వెనక అందరూ నడిచారు. సందు దగ్గర నిలబడి, కాలువకి వీపు పెట్టి లెక్కపెట్టాను. మూడో వరస. ఎడం చేతి నుంచి ఐదోది.

గడ్డి పట్టిన దిబ్బ. దాని మీద నా చెప్పులు ఉన్నాయి. ఆ పొద్దున నీళ్లకి దిగేటప్పుడు విడిచినవి. అమ్మ పక్కన నిలబడేటప్పుడు ఎప్పుడూ ఉత్తికాళ్లతోనే ఉంటాను కాబట్టి మళ్లీ తొడుక్కోలేదు. బకెట్టు అడుగు ఆనిన చోట గడ్డి నలిగి గుండ్రటి గుర్తు కనపడుతోంది.

ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వితే బాగుండునని అనుకున్నాను. మా వైపు మనుషులు నవ్వరు. మొహం పక్కకి తిప్పుకుని, ఏదో పని గుర్తొచ్చినట్టు కదిలిపోతారు. ఒకావిడ తన కొవ్వొత్తి వెలుగుతుండగానే మళ్లీ అగ్గిపుల్ల గీసింది. కార్యదర్శి వంగి నా చెప్పులు తీసి పక్కన పెట్టబోయాడు. "వద్దండీ, వద్దు" అని నేనే తీసుకుని చంకలో పెట్టుకున్నాను. అలా పెట్టుకోకూడదని కూడా తోచలేదు.

కాసేపటికి గాని అసలు సంగతి తట్టలేదు. "మరి అది ఎవరిది?" అన్నాను, సిలువ వైపు చూపించి.

"వేరేవాళ్ల వివరాలండి. మీకు చెప్పకూడదు" అన్నాడు కార్యదర్శి, ఎంతో నొచ్చుకుంటూ.

"వాళ్లెవరైనా వచ్చి అడిగారా?"

"లేదండి. నలుగురైదుగురు వచ్చారు గానీ, ఆ గడి కోసం ఎవరూ రాలేదు. దాని మీద మీ అమ్మగారి పేరుంది కదండి. మీరు అర్జీ పెట్టారని ఊరందరికీ తెలుసు. అది మీరు చూసుకుంటారని ఊళ్లోవాళ్లు అనుకున్నారు."

అంటే, క్రిస్మస్ వెళ్లాక ఎవరి తల్లో, ఎవరి చెల్లో రోడ్డు కింద పడిపోతుంది. నేను రాయించిన పేరు పైన ఉండబట్టి వాళ్లని వెతికినవాళ్లు లేరు. అమ్మని కాపాడుకోవడానికి అంత హడావిడి చేశాను. నేను తొక్కకపోతే అమ్మకి ఏ బాధా లేదు. బాధంతా నా వల్ల ఆ సిలువ కింద ఉన్న మనిషికి.

పటంలో రాసి ఉన్న ఆ సమాధివాళ్ల సొంత ఊరి పంచాయతీకి నోటీసు పంపిస్తానన్నాడు కార్యదర్శి. సిలువ మీద ఉన్న పేరు తప్పని, ఆ తప్పు నాదని నోటీసులో రాయమన్నాను. "అవన్నీ అక్కర్లేదండి" అన్నాడు. నేను వేరే కాగితం మీద రాసి, సంతకం చేసి, నోటీసుకి జతచేయమని ఇచ్చాను. ఆ రోజు ఆయన టీ తెప్పిస్తే తాగాను. ఏ రుచీ తెలియలేదు.

డిసెంబరు రెండో వారంలో కబురొచ్చింది. కొల్లేటికోట నుంచి ఆ సమాధి తాలూకు ఆవిడ వచ్చింది, తోట దగ్గర ఉంది, రమ్మంటోంది అని. నా ఈడు మనిషి. జరీ అంచు చీర, చేతులకి లావు గాజులు, ఆటో గేటు దగ్గర ఆపించుకుని అందులోనే కూర్చుని నన్ను చూసింది.

"మీరేనాండీ, మాయమ్మని దత్తు తీసుకుంది?"

నేను దణ్ణం పెట్టాను.

"దిగులు పడకండి, కొట్టడానికి రాలేదు. కిందటేడు మా చేపల చెరువు గట్లు కొట్టేయడానికి నోటీసు వచ్చిందండి. ఇప్పుడు మాయమ్మకి వచ్చింది. ఇంక మా ఇంట్లో నోటీసు రానిదాన్ని నేనొక్కదాన్నే." ఆటో దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, మాట్లాడుతూనే లోపలికి నడిచింది. "ఈ ఊరు ఊడ్పులకి వచ్చిందండి మాయమ్మ. వాంతులు పట్టుకుని రెండ్రోజుల్లో పోయింది. కొల్లేరు పొంగి ఉంది, పడవ మీద శవాన్ని తీసుకెళ్లలేం అని ఇక్కడే పెట్టేశారు. నాకప్పుడు ఆరేళ్లు. అన్నయ్యకి పది."

సిలువ దగ్గర ఆగింది. నేను చెక్కించిన పేరు మీద వేలు పెట్టి రాసింది.

"అన్నయ్య ఏటేటా తీసుకొచ్చేవాడు. ఇదేనే, సిలువ ఉన్నదే అమ్మది అనేవాడండి. నేనే ఒప్పుకోలేదు. పేరు రాసుంటే కనపడటం లేదా, చదువుకున్నోళ్లు తప్పు రాస్తారా అని గదమాయించి, పక్కదాని మీద పూలు పెట్టించాను. చచ్చేదాకా గొణుగుతానే ఉన్నాడు. వాడు పోయి మూడేళ్లు, తర్వాత నేను రానేలేదు."

"నన్ను ఒక్కసారి అడిగి ఉంటే..."

"అడుగుదామనే వచ్చాడండి ఒక ఏడు. మీరు కుంచె పట్టుకుని ఉన్నారు. 'సున్నం తడిగా ఉంది, దూరంగా జరగండి' అన్నారు. జరిగాడు."

నాకు గుర్తుంది. పంచె మోకాళ్ల దాకా కట్టి, చేతిలో పూలపొట్లంతో నిలబడ్డ మనిషి. ఏదో అనబోయాడు. సిలువకి చెయ్యి తగిలి మరక పడుతుందని నా భయం. 'అలాగేనండి' అని తప్పుకున్నాడు. ఆ 'అలాగేనండి' గొంతు కూడా గుర్తుంది. ఆ ముక్క నేను ఆవిడతో అనలేకపోయాను.

"ఏవండీ పంతులమ్మ గారూ, ఒకటి అడుగుతాను చెప్పండి" అంది ఆవిడ. గొంతులో ఎకసెక్కం పోయింది. "ఇన్నేళ్లూ మాయమ్మతో ఏం చెప్పుకున్నారు?"

ఏం చెప్పానని? నా బదిలీ ఆర్డర్లు చెప్పాను. మావారి జబ్బు సంగతి, ఆయన పోయిన సంగతి చెప్పాను. రిటైరైన రోజు ఇచ్చిన శాలువా తెచ్చి చూపించాను. బడిలో నాతో పడని హెడ్మాస్టరు మీద చాడీలు చెప్పాను. మా ఇంట్లో ఇంకెవరికీ చెప్పని మాటలు కొన్ని ఉన్నాయి, అవీ చెప్పాను. అన్నీ ఊడ్పులకి వచ్చి పోయిన ఒక పరాయి మనిషికి.

"అన్నీ చెప్పానండి" అన్నాను.

"అయితే మీ ఇంటి గుట్టంతా మాయమ్మ దగ్గర ఉందన్నమాట. పర్లేదులెండి, మాయమ్మ పైకి చెప్పే మనిషి కాదంట." నవ్వబోయి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మీ అమ్మగారికి మాత్రం ఏమీ తెలియదు పాపం."

తవ్వకం అయ్యేదాకా ఇద్దరం ఒకే గట్టు మీద కూర్చున్నాం. దొరికినవి తెల్లగుడ్డలో కట్టి, వెనక వైపు కొత్త గుంటలో పెట్టారు. సంఘ పెద్ద ప్రార్థన చేశారు. సిలువ తీయించి అమ్మ దగ్గరకి మార్పిస్తానని నేను అంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"అది మాయమ్మ నెత్తిన నిలబడిందండి ఇన్నేళ్లు. మాదే. పేరొక్కటే చెక్కేయించండి."

మేస్త్రీ ఉలి పెట్టాడు. అమ్మ పేరు ఒక్కొక్క అక్షరం పెళ్లలు పెళ్లలుగా రాలింది. తారీఖుల దగ్గరకి వచ్చేసరికి నేను మొహం తిప్పుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "చూడకండి" అంది. నన్ను ఓదార్చాల్సిన అవసరం ఆవిడకి లేదు. అది నాకు మరీ సిగ్గనిపించింది.

అమ్మకి కొత్త సిలువ చేయిస్తానని మేస్త్రీతో ఆ రోజే అన్నాను గానీ, చేయించలేదు. పటం కూడా ఎవరినో అడిగి ఎవరో రాసిందే కదా అని ఒక గుబులు. కార్యదర్శిని అడిగితే, "రికార్డు ప్రకారం మీ అమ్మగారేనండి" అన్నాడు. అంతకంటే ఆయన ఏం చెప్పగలడు?

2008 నవంబరులో మళ్లీ వెళ్లాను. ఆవిడ నాకంటే ముందే వచ్చి తన పని చేసుకుంటోంది. దూరం నుంచే, "పంతులమ్మ గారూ, ఇటు సున్నం తడిగా ఉంది, చూసుకుని నడవండి" అని కేకేసింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు నాకు హాయిగానే ఉంది.

నీళ్లు ఇంటి దగ్గరి నుంచే సీసాల్లో తెచ్చుకున్నాను. దిబ్బ మీద గడ్డి పీకి, మట్టి సరిచేసి, సున్నం వేశాను. పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, మాట్లాడదామని కూర్చున్నాను. అరవై ఏళ్ల సంగతులు, ఎక్కడ మొదలుపెట్టాలి? నోరు తెరిచాక గాని చూసుకోలేదు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. అలవాటు లేని చోటు కదా, ఎక్కడ విడవాలో తోచక అలాగే వచ్చేశాను.

లేచి గేటు దాకా నడిచి, బయట విడిచి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.